మాత్రమే

మాధవధారలో రవాణా ఆఫీసు గోడవార
నా దుకాణం: ఒక గొడుగు, రెండు కుంచెలు,
మూత ఊడిన డబ్బాలో తెల్లరంగు.
నంబరు ప్లేట్లు మిషన్ మీద అచ్చయి రావడం మొదలయ్యాక
కార్లూ స్కూటర్లూ నన్ను మర్చిపోయాయి.
ట్రాక్టరు తొట్లు ఇంకా మర్చిపోలేదు.
వాటి వెనక రేకు మీద చేత్తో రాస్తేనే అంకె నిలుస్తుంది.

శుక్రవారం పదకొండు దాటాక
పద్మనాభం వైపు నుంచి ఒక ఎర్ర ట్రాక్టరు.
కొత్తది కాదు. చక్రాల గాళ్ళలో దుక్కి మట్టి ఎండిపోయి ఉంది.
తోలుకొచ్చింది మేనల్లుడు.
మడ్‌గార్డు మీంచి దిగింది కెల్ల ఎర్రయ్యమ్మ,
పాలిథిన్ సంచిలో పాసుబుక్కు, ఆధారు,
మొగుడి చావు కాగితం.
బండి ఇంకా ఆయన పేరునే ఉంది.

కిటికీ నా గొడుక్కి నాలుగడుగుల దూరం.
అన్నీ వినిపిస్తాయి.

ఎంత భూమమ్మా?
"ఎకరా డెబ్బై సెంట్లు, బాబూ."
ఇంత ముక్కకి ట్రాక్టరెందుకు?
"పక్కోల సేలు దున్నుతాం. ఆలొచ్చి మా వరి కోత్తారు."
అది అద్దె కిందికి రాదూ?
"డబ్బులుచ్చుకుంతే గదా అద్దె!"
గుమస్తా తల ఎత్తలేదు.
పెన్ను టోపీ పెట్టాడు, తీశాడు,
ఆ గడిలో టిక్కు కొట్టాడు.

ఇసుక తోలకూడదు. ఇటుకలు తోలకూడదు.
మనుషుల్ని ఎక్కించకూడదు.
"మరి పెంట?"
తోలొచ్చు.
"గడ్డి?"
తోలొచ్చు.
"ఆనందపురం సంతకి మల్లిపూలు?"
అదీ వ్యవసాయమేనమ్మా.
"మా ఆయన్ని దీని మీదే పెద్దాసుపత్రికి తెచ్చేం, బాబూ.
మల్లీ దీని మీదే అట్టికెల్లిపోయేం."

లోపల ఫ్యాను తిరుగుతోంది.
కాసేపటికి స్టాంపు పడిన చప్పుడు.

మూడొందలన్నాను.
రెండొందల యాభై, ఒక ఆనపకాయ అంది.
తొట్టి వెనక్కి ముక్కాలిపీట జరుపుకున్నాను.
ఏ ఊరమ్మా? అని అడిగి
చెప్పింది విని, కుంచె దించాను.

ఆ ఊరు నాకు తెలుసు.
నాలుగేళ్ళ కిందట అక్కడ ప్లాట్ల రాళ్ళకి నంబర్లేశాను,
ఒకటి నుంచి రెండొందల పద్నాలుగు దాకా,
రాయికి పన్నెండు రూపాయలు.
నువ్వుచేను పూత మీదుంది అప్పుడు.
వరసలు తప్పకుండా నడవమన్నాడు మేస్త్రీ,
చేను వరసలు కాదు, రాళ్ళవి.
సాయంత్రానికి నా పేంటుకి అంతా పుప్పొడి.

చెప్పనా వద్దా అనుకుంటూనే చెప్పేశాను.
"ఆ రాల్లు నువ్వా రాసినావు?" అంది,
కోపమో కాదో తెలీలేదు.
"నూటారో రాయికి మా గేదిని కడతన్నాం.
ఒక్కడూ ఇల్లు కట్టడానికి రాలేదు.
గట్టి రాయే."

అంకెలు వేశాను. కింద,
వ్యవసాయ పనులకు మాత్రమే.
చివరి మాటకి జాగా చాలక అక్షరాలు ఇరుకయ్యాయి.
వెనక్కి జరిగి చూసుకుంటున్నానా,
ఈలోగా ఎర్రయ్యమ్మ వంగి
తడి రంగు మీద బొటనవేలు పెట్టేసింది.
"అచ్చరాలు రావు నాకు. ఇక్కడేటున్నాది?"

మాత్రమే అని ఉందమ్మా.

లోపల వేయించుకున్న ఊదా సిరా
ఆ వేలికి ఇంకా ఉంది.
తెలుపు కింద ఎర్ర రేకు,
మధ్యలో ఊదా గీతలు సుడి తిరిగి,
త్ర అనేది చెరిగిపోయి.

"అయ్యో, పాడైపోనాది. తుడిసీసి మల్లీ రాయి."
గుడ్డ చేతిలోకి తీసుకున్నాను.
ఎండ బాగా ఉంది.
ఆరిపోనీ అన్నాను.

మేనల్లుడు బండి తిప్పాడు. ఆమె మడ్‌గార్డు మీదికెక్కింది.
హైవే మలుపు దాకా చూశాను:
అంకెలు ముందు కలిసిపోయాయి, తర్వాత మాటలు.
ఆ చెదిరిన మరక ఒక్కటి
లారీల మధ్య కాసేపు కనిపించింది.

రంగు డబ్బా పక్కన ఆనపకాయ.
తొడిమ దగ్గర జిగురు ఇంకా ఆరలేదు.